విద్యార్థి సంతకం, అధ్యాపకుడి గది

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సాటి అధ్యాపకులకు, వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఈ సదస్సుకు పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం, చదువులో విద్యార్థులకు అందే సహాయం మీద పరిశోధన చేసేటప్పుడు పాటించవలసిన నీతి. ఆహ్వాన పత్రంలో దీన్ని నాలుగు భాగాలుగా చేశారు: సమ్మతి, గోప్యత, న్యాయం, ఫలితాల వెల్లడి. నాలుగింటికీ సమానంగా సమయం ఇవ్వడం నాకు సాధ్యం కాదు. సమ్మతి దగ్గరే నా మనసు ఆగిపోయింది. కారణం చెబుతాను.

నాకు తెలిసిన ఒక విద్యార్థిని మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పింది. వ్యాసం రాయడం రావడం లేదని, సహాయ కేంద్రంలో నేర్పుతారని ఎవరో చెబితే వెళ్లింది. అక్కడ బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. ఒకటి పేరు నమోదుకు. రెండోది పరిశోధనలో పాల్గొనడానికి సమ్మతి పత్రం. ఆమెకు సాయం చేయవలసిన వ్యక్తీ, ఆమె మీద పరిశోధన చేస్తున్న వ్యక్తీ, ఆమెకు ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకుడూ ఒక్కరే. ఆమె రెండింటి మీదా సంతకం చేసింది. రెండో దానిలో ఏమి రాసి ఉందని తరువాత అడిగితే, "చదవలేదు, ఆయన ఎదురుగా కూర్చుని చూస్తున్నారు" అంది. ఆ పత్రంలో, ఎప్పుడు కావాలంటే అప్పుడు తప్పుకోవచ్చు అని కూడా ఉంది. తప్పుకోవాలంటే ఎవరికి చెప్పాలి? ఆ అధ్యాపకుడికే!

మిత్రులారా, ఆ కాగితం నిబంధనల ప్రకారం సరిగ్గానే ఉంది. పరిశోధనలను ముందుగా పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ ముద్ర ఉంది, తేదీ ఉంది, సంతకం ఉంది. లేనిదల్లా ఆ అమ్మాయి ఇష్టం.

మనుషుల మీద చేసే ప్రయోగాలకు స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి మొట్టమొదటి సూత్రంగానే పెట్టింది. వైద్య పరిశోధన కోసం 1964లో వచ్చి, తరువాత పలుమార్లు సవరణలు పొందిన హెల్సింకి ప్రకటన ఇంకో అడుగు వేసింది. రోగి తన వైద్యుడి మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ సంబంధంతో ఏ ప్రమేయమూ లేని మరొక అర్హుడైన వ్యక్తే సమ్మతి అడగాలని చెప్పింది. వైద్యుడి స్థానంలో అధ్యాపకుడిని, రోగి స్థానంలో రేపు మార్కులు రావలసిన విద్యార్థిని పెట్టి చూడండి. వైద్యులు ఒప్పుకున్న జాగ్రత్తను మనం ఎందుకు ఒప్పుకోకూడదు? మనకు హాని చేసే ఉద్దేశం లేదని అంటారు. చాలామందికి నిజంగానే ఉండదు. కానీ ఒత్తిడి కలగడానికి ఉద్దేశం అక్కర్లేదు, ఎదురుగా కుర్చీలో కూర్చుంటే చాలు.

ఇక్కడున్న ఆచార్యులను ఒక ప్రశ్న అడగనివ్వండి. తరగతిలో నూటికి నూరు మందీ అంగీకరించారని నివేదికలో సంతోషంగా రాస్తాం కదా, ఆ అంకె మనల్ని సంతోషపెట్టాలా, కంగారు పెట్టాలా? మరే విషయంలోనూ ఏకాభిప్రాయం కుదరని తరగతి, పరిశోధనకు మాత్రం ఒక్క గొంతుతో సరే అందంటే, కాదనే దారి వాళ్లకు కనిపించలేదని నేను అనుమానిస్తాను.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆ తరగతికి పాఠం చెప్పని, మార్కులు వేయని మనిషి వచ్చి అడగాలి. అధ్యాపకుడు గదిలో ఉండకూడదు. పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకునే వ్యవధి ఇవ్వాలి. ఎవరు చేరారో, ఎవరు చేరలేదో మార్కులు ప్రకటించేదాకా అధ్యాపకుడికి తెలియకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సహాయం కోసం నమోదు చేసుకోవడం వేరు, పరిశోధనలో చేరడం వేరు. ఆ రెండు కాగితాలు ఒకే బల్ల మీద, ఒకే రోజు ఉండకూడదు. చేరినందుకు అదనపు మార్కులు ఇస్తున్నారా? అయితే చేరని వారికి అంతే శ్రమతో, అన్నే మార్కులు వచ్చే మరో పని చూపించండి. పది నిమిషాల ప్రశ్నావళికీ, పది పేజీల వ్యాసానికీ ఒకే మార్కులు పెడితే అది ప్రత్యామ్నాయం కాదు, శిక్ష.

న్యాయం గురించి కొంచెం. సహాయం పనిచేస్తోందా అని తేల్చాలంటే పోలిక కావాలి. సగం మందికి సాయం చేసి, సగం మందికి ఆపి చూద్దాం అంటారు. ట్యూటర్ల సంఖ్య తక్కువై అందరికీ అందించలేని పరిస్థితి ఉంటే, చీటీలు వేసి వంతులు నిర్ణయించడం న్యాయమే. మిగిలినవారికి తరువాతి విడతలో తప్పక అందాలి. అందరికీ ఇవ్వగలిగి ఉండీ, పోలిక కోసం కొందరికి ఆపడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఫెయిలైన సెమిస్టర్ ఆ విద్యార్థికి తిరిగి రాదు. ఎవరికీ తలుపు మూయకుండా, సహాయం అందుబాటులో ఉందని కొందరికి అదనంగా గుర్తు చేస్తూ ఉత్తరాలు పంపి తేడా కొలిచే పద్ధతులు ఉన్నాయి. కాస్త కష్టం. ఆ కష్టం మనం పడాలి.

అలాగని పోలికే వద్దంటే మరో ప్రమాదం. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం కోర్స్ సిగ్నల్స్ అనే ఏర్పాటు తెచ్చింది. విద్యార్థి చదువు తీరును కంప్యూటర్ లెక్కగట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో హెచ్చరించేది. ఆ ఏర్పాటు ఉన్న కోర్సులు ఎక్కువగా తీసుకున్నవారు చదువు మానేయకుండా నిలబడుతున్నారని గొప్పగా చెప్పుకున్నారు. 2013లో విమర్శకులు లెక్కలు తిరగేసి అడిగారు: దీపాల వల్ల నిలబడ్డారా, లేక ఎక్కువ కాలం నిలబడ్డారు కాబట్టి ఎక్కువ కోర్సులు తీసుకోగలిగారా? మొదటి ఏడాదే మానేసిన వాడికి రెండో కోర్సు తీసుకునే అవకాశం ఎక్కడిది? బలహీనమైన పరిశోధన కూడా నీతికి సంబంధించిన తప్పే. విద్యార్థుల సమయం తీసుకుని, తప్పుడు భరోసా ఇస్తుంది.

గోప్యత సంగతి. పేర్లు తీసేశాం కాబట్టి ఇబ్బంది లేదనే మాట రోజూ వింటాను. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక కళాశాల విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను పేర్లు తీసి విడుదల చేశారు. కళాశాల పేరూ చెప్పలేదు. అయినా అక్కడ బోధించే కోర్సుల పేర్లు వంటి ఆనవాళ్లతో అది హార్వర్డ్ అని బయటివారు కనిపెట్టారు. ఇక మన నివేదికల్లో "మూడో సంవత్సరం, భౌతికశాస్త్రం, వినికిడి లోపం ఉన్న విద్యార్థిని" అని రాస్తాం. ఆ విభాగంలో అలాంటి అమ్మాయి ఒక్కతే ఉంటే, పేరు తీసి ఏమి లాభం? సహాయ కేంద్రానికి వెళ్తున్నట్టు తెలిస్తేనే చిన్నచూపు చూస్తారని భయపడే పిల్లలున్నారు. వారి ఇంటర్వ్యూల్లోని ఒక్క వాక్యం చాలు, తోటివారు గుర్తుపట్టడానికి. అచ్చు వేసే ముందు ఆ వాక్యాన్ని వారికే చూపించి అడగాలి.

మరొక్క మాట, ఇది ఆహ్వాన పత్రంలో లేదు. మార్కుల గురించి మొదలైన ఇంటర్వ్యూ ఒక్కోసారి, బతకాలని లేదు అనే దాకా వెళ్తుంది. అప్పుడు ఏమి చేస్తారో, ఎవరికి చెబుతారో ముందే నిర్ణయించుకోవాలి. ఏది రహస్యంగా ఉంచలేమో విద్యార్థికీ ముందే చెప్పాలి. ఆ పిల్లవాడు నోరు విప్పాక నియమాలు వెతకడం ఎంత ఘోరమో ఆలోచించండి.

ఫలితాల వెల్లడి గురించి మాట్లాడవలసిన సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు. ఇందాక చెప్పిన విద్యార్థినికి ఆ పరిశోధనలో ఏమి తేలిందో ఎవరూ చెప్పలేదు. ఆమె వ్యాసాలు, ఆమె మార్కులు, ఆమె సమయం అందులో ఉన్నాయి. పాల్గొన్నవారికి వాళ్ల భాషలో రెండు పేజీల సారాంశం ఇవ్వడం ఏ పరిశోధకుడికీ భారం కాదు. వచ్చే సెమిస్టర్ దరఖాస్తులు చూసేటప్పుడు, ఆ రెండు పేజీల హామీ లేని ప్రతిపాదనను వెనక్కి పంపమని ఇక్కడున్న ఎథిక్స్ కమిటీ సభ్యులను కోరుతున్నాను.

ప్రశ్నలకు సిద్ధంగా ఉన్నాను. ఒక విన్నపం: ముందు విద్యార్థులు అడగనివ్వండి, వారు అడగడం పూర్తయ్యాకే ఆచార్యులు. చేయి ఎత్తడానికి ఇబ్బందిగా ఉన్నవారు పేరు లేకుండా చీటీ రాసి పంపినా చదివి జవాబు చెబుతాను.