నాన్న కారులో పట్టేసిన బ్రేకు పిస్టన్

నమస్కారమండీ. ఎప్పుడూ ఒహాయోలో కారు అద్దం మీద మంచు గీకుతూ కనిపించే నేను ఈ వారం తిరుపతిలో, మా ఇంటి వాకిట్లో ఉన్నాను. వెనక శేషాచలం కొండలు, ముందు నాన్న కారు. దాని ఎడమవైపు ముందు చక్రం విప్పి గోడకు ఆనించాను. ఈ రోజు చూపించబోయేది గుళ్లూ గోపురాలూ కాదు. పట్టేసిన బ్రేకు పిస్టన్‌ను, అంటే చక్రంతో తిరిగే పళ్లేనికి (డిస్కుకు) బ్రేకు ప్యాడ్లను నొక్కే లోహపు దిమ్మను, వేళ్లకు దెబ్బ తగలకుండా ఇంటి దగ్గరే ఎలా తీయాలో చూపిస్తాను.

శనివారం అమ్మానాన్నలతో కొండకు వెళ్లి, దర్శనం చేసుకుని మధ్యాహ్నం దిగాం. నాన్నే నడిపారు. అలిపిరి దాటాక ఒక చెట్టు కింద ఆపగానే కాలిన వాసన వచ్చింది. కుడి చక్రం దగ్గర అరచేయి పెడితే వెచ్చగా ఉంది. ఎడమ చక్రం జానెడు దూరం నుంచే సెగ కొట్టింది. "ఘాట్ దిగితే ఆ మాత్రం కాలదా తల్లీ" అన్నారు నాన్న. కాలుతుంది, కాని రెండు వైపులా ఒకేలా కాలాలి. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు: ఆరు నెలలుగా కారు ఎడమకు లాగుతోందట, స్టీరింగును కాస్త కుడికి పట్టుకుని సర్దుకుంటున్నారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల ఎత్తున. మనుషులతో కలిపి వెయ్యి కిలోల బరువున్న కారు ఆ తేడా అంతా బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడితో ఇరవై లీటర్లకు పైగా నీళ్లు మరిగించవచ్చు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగే దారి, 1974లో వచ్చిన రెండోది ఎక్కే దారి. దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు. గేరు తగ్గించి ఇంజను చేత కారును పట్టి ఉంచుతూ దిగాలి. అంత జాగ్రత్తగా దిగే నాన్న కారులోనే ఒక చక్రానికి బ్రేకు వదలకుండా రాసుకుంటూ ఉంటే, పాత బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుట్టి, ఏదో ఒక మలుపులో పెడల్ మెత్తగా నేలకు దిగిపోవచ్చు. నన్ను భయపెట్టింది అదే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. నీరు 3.7 శాతం చేరాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. ఆ నీరే కాలిపర్ (పిస్టన్‌నూ ప్యాడ్లనూ పట్టి ఉంచే లోహపు భాగం) లోపల తుప్పుకు కూడా కారణం. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ కాలిపర్లు బయటినుంచి తుప్పు పట్టడం మామూలు. తిరుపతిలో ఉప్పు లేదు, మంచూ లేదు. ఇక్కడ కారు కదలకుండా ఉండడమే చేటు. మేమిద్దరం పిల్లలం బయటి దేశాల్లో ఉన్నాం. నాన్న వారానికోసారి గుడికో, నెలకోసారి చంద్రగిరికో తీస్తారు, మిగతా రోజులు కారు వేపచెట్టు కింద కవరు కప్పుకుని ఉంటుంది. ఆయిల్ మార్చి ఐదేళ్లయిందని రసీదు చూస్తే తెలిసింది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడం తేలిక. సమతలంగా ఉన్న నేల మీద కారు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్క అడ్డాలు పెట్టాను. చక్రం నట్లను నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టాను. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండు కావాలి. ఇటుకలు ఎంత గట్టిగా కనిపించినా పేర్చి పెట్టకండి, ఒక్కసారిగా పగిలిపోతాయి. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి తోస్తే ఇంకో కాపలా. చక్రం విప్పిన చోట డిస్కును తిప్పబోతే కదల్లేదు. కాలిపర్ మీద గాలి తీసే నిపిల్‌ను కొద్దిగా వదులు చేశాను. అప్పుడు ఒత్తిడి పోయి డిస్కు వదిలేస్తే తప్పు హోసులోనో (ఆయిల్ తెచ్చే గొట్టం), మాస్టర్ సిలిండర్‌లోనో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) ఉన్నట్టు. నాలుగు చుక్కలు కారినా డిస్కు బిగిసే ఉంది. కాలిపర్ కదిలే పిన్నులు చేత్తో లాగితే బాగానే జారాయి. ఇక మిగిలింది పిస్టనే.

పిస్టన్ చుట్టూ నలుచదరపు కోతతో ఒక రబ్బరు సీలు ఉంటుంది. పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకు జరుగుతూ ఆ సీలును కాస్త వంచుతుంది. వదిలితే సీలు తన రూపానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. బ్రేకు వదలడమంటే అంతే. బయటి రబ్బరు కవరు చిరిగి, అంచున తుప్పు పేరుకుంటే ఆ వెంట్రుకవాసి కదలిక కూడా ఉండదు.

సోమవారం పొద్దున నేను రేణిగుంట రోడ్డుకు వెళ్లి కాలిపర్ కిట్ కొనుక్కొచ్చేసరికి, నాన్న పిలిపించిన మేస్త్రీ కాలిపర్ విప్పి చేతిలో పట్టుకుని ఉన్నారు. హోసు విడదీసి మూతి కట్టేశారు. ముప్పై ఏళ్లుగా మా ఇంటి బండ్లు చూసేది ఆయనే. "షాపుకు తీసుకెళ్లి కంప్రెసర్ గాలి పెడతానమ్మా, పిస్టన్ ఒక్క నిమిషంలో వచ్చేస్తుంది" అన్నారు. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రాడు, పద్దెనిమిదేళ్లుంటాయేమో, కాలిపర్ ఎలా పట్టుకోవాలో చూపించాడు: ఎడమ చేత్తో కింద, కుడి అరచేయి పిస్టన్‌కు ఎదురుగా, మధ్యలో పాత గుడ్డ.

అప్పుడే మేస్త్రీ కుడి చూపుడువేలు చూశాను. కొన చదునుగా ఉంది, గోరు సగమే పెరిగింది. "ఇది ఎలా అయింది బాబాయ్?" అని అడిగాను. "పిస్టన్ కొట్టింది. నేను నేర్చుకునే రోజుల్లో" అన్నారు, చాలా మామూలుగా.

కొంచెం లెక్క చెబుతాను, వినండి. మా కాలిపర్ పిస్టన్ అడ్డం 48 మిల్లీమీటర్లు, అంటే ముఖం దాదాపు 18 చదరపు సెంటీమీటర్లు. పంక్చర్ షాపు కంప్రెసర్‌లో చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి ఉంటే, పిస్టన్ వెనక వంద కిలోలకు పైగా బలం. అంతకన్నా ముఖ్యం, గాలి స్ప్రింగు లాంటిది. సూది లేని సిరంజిలో గాలి నింపి మూతి వేలితో మూసి నొక్కండి, వదలగానే వెనక్కి ఎగురుతుంది. నీళ్లు నింపి నొక్కండి, అసలు లోపలికి పోదు, ఎగరనూ ఎగరదు. పట్టేసిన పిస్టన్ వెనక గాలి నలిగి నలిగి కూర్చుంటుంది. తుప్పు వదిలిన క్షణంలో ఆ దాచుకున్న బలమంతా ఒక్కసారే విచ్చుకుంటుంది. గుడ్డ దాన్ని ఆపదు, అరచేయి అసలే ఆపదు. నూనె, గ్రీజు అలా నలగవు, నెట్టినంత మేరకే నెడతాయి.

నిజానికి హోసు విప్పకముందైతే పని ఇంకా సులువు. ప్యాడ్లు తీసి, పిస్టన్ పూర్తిగా ఊడిరాకుండా మధ్యలో ఒక చెక్కముక్క పెట్టి, మరొకరి చేత పెడల్‌ను మెల్లగా తొక్కిస్తే కారు బ్రేకే పిస్టన్‌ను తోసేస్తుంది. మొదట ప్రయత్నించాల్సింది అదే. రెండోవైపు ప్యాడ్లు వాటి చోటనే ఉండాలి, వేళ్లు కాలిపర్‌కు బయట ఉండాలి. మాకు ఆ అవకాశం పోయింది కాబట్టి, పిడి నొక్కితే గ్రీజును ఒత్తిడితో నెట్టే గ్రీజు గన్ తీశాను.

హోసు బోల్టు దిగే రంధ్రంలో గ్రీజు నిపిల్ బిగించాలి. మా కాలిపర్‌కు 10 మిల్లీమీటర్ల బోల్టు, మరచుట్ల మధ్య దూరం 1 మిల్లీమీటరు. ఆ కొలత నిపిల్ దుకాణంలో దొరికింది. మీ కారుకు వేరే ఉండవచ్చు, చేత్తో మూడు చుట్లు తేలికగా దిగితేనే సరైన మర. బలవంతంగా తిప్పితే కాలిపరే పాడవుతుంది. కింద రాగి వాషర్ వేసి, గాలి తీసే నిపిల్‌ను మూసేశాను. కాలిపర్‌ను వైసులో బిగించి, పిస్టన్‌కు ఎదురుగా మామిడి చెక్క పెట్టాను. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పవు.

గన్ పిడి నొక్కుతుంటే మొదట ఏమీ కాలేదు, లోపలి ఖాళీ నిండాలి కదా. ఇరవయ్యో ఇరవై ఐదో నొక్కులకు పిడి గట్టిపడింది. ఇంకొకటి నొక్కగానే "టిక్" అని చిన్న చప్పుడు. దగ్గరికి తెచ్చి చూపిస్తున్నాను చూడండి: పిస్టన్ అంచున ఎర్రటి తుప్పు వలయం చిట్లి, దాని కింద నిగనిగలాడే గీత ఒకటి బయటపడింది. నొక్కుకు అర మిల్లీమీటరు చొప్పున వస్తోంది. కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎగరలేదు, పేలలేదు. చివరికి ఒక వైపు వాలి, గ్రీజు ముద్దతో సహా మెత్తగా చెక్క మీదికి దిగింది.

తరువాత ఓపిక కావాలి. మామూలు గ్రీజు, పెట్రోలు, కిరోసిన్ బ్రేకు రబ్బరును ఉబ్బిస్తాయి. కాబట్టి పాత సీలు పారేయాల్సిందే, లోపల గ్రీజు మచ్చ కూడా మిగలకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మూడుసార్లు కడిగాను, నూనె దారిలో కూడా పోశాను. సీలును వెదురు పుల్లతో తీశాను, స్క్రూడ్రైవరు గీత పడితే అక్కడినుంచే కారుతుంది. సీలు ఆనే చోట పిస్టన్ మీద గుంటలున్నాయి, అందుకే కొత్త పిస్టన్ వేశాను. కొత్త సీలును తాజా బ్రేక్ ఆయిల్‌లో తడిపి కూర్చోబెట్టి, పిస్టన్‌ను రెండు బొటనవేళ్లతో నిటారుగా నెడితే దిగిపోయింది. సుత్తి అవసరమైతే ఏదో వంకరగా ఉన్నట్టే. బ్రేకు దుమ్మును మాత్రం గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

కుడివైపు కాలిపర్ కూడా విప్పి చూశాం, అందులో పిస్టన్ హాయిగా కదులుతోంది. ప్యాడ్లు మాత్రం రెండు వైపులా కొత్తవి వేశాం. నాన్న సీట్లో కూర్చుని తొక్కి పట్టడం, నేను నిపిల్ వదులు చేయడం, బిగించాక ఆయన కాలు తీయడం, నాలుగు చక్రాలకూ పాత ఆయిల్ పోయి తేటది వచ్చేదాకా. కాఫీ డికాషన్ రంగులో వచ్చింది పాతది. పెడల్ రాయిలా గట్టిగా నిలబడేవరకు కారు కదపలేదు. మెత్తగా ఉంటే మీరూ కదపకండి, మెకానిక్‌ను ఇంటికే పిలవండి. ముందు మా వీధిలో నడక వేగంతో, తరువాత తిరుచానూరు రోడ్డులో నెమ్మదిగా చూశాం. స్టీరింగు మీద నాన్న రెండు చేతులూ సమంగా ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ సామాన్లు సర్దుకుంటున్నారు. గ్రీజు తుడిచిన నిపిల్‌ను వెలుగుకు ఎత్తి చూసి, "ఇది నా దగ్గర ఉంచుకోనా అమ్మా?" అని అడిగారు. రాగి వాషర్‌తో సహా ఇచ్చాను. ఆయన దాన్ని తన పెట్టెలో వేసుకోలేదు. కుర్రాడి అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు.