ముల్లు మీటరా, అంకెల మీటరా?

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఇక్కడ బరంపురం షెడ్లలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది, "బండి వైరింగ్ పరీక్షించడానికి ఏ మల్టీమీటర్ కొనమంటారు, ముల్లుదా, అంకెలు చూపే డిజిటల్‌దా?" అని. ఒక్కటే కొనేట్టయితే డిజిటల్ కొనండి.

కారణం మీటర్ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు. అది తక్కువైతే మీటరే కరెంటు లాగేస్తుంది. వోల్టేజీ కొలిచేటప్పుడు మంచి డిజిటల్ మీటర్‌కి కోటి ఓమ్‌లు ఉంటుంది. వోల్టుకు 2,000 ఓమ్‌ల చవక ముల్లు మీటర్‌కి 10 వోల్టుల రేంజ్‌లో మొత్తం 20,000. అంటే 500 రెట్లు తేడా. హెడ్‌లైట్ వైరు దగ్గర అదో లెక్క కాదు. కానీ ఇంజిన్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ ఇచ్చేదే 0.1 నుంచి 0.9 వోల్టు. ఆ కాస్త సిగ్నల్‌నీ మీటరే తాగేస్తే రీడింగ్ అబద్ధమవుతుంది, మంచి సెన్సర్ పారేసి బండాయనతో కొత్తది కొనిపిస్తాం. అది పాపం.

అలాగని ముల్లు మీటర్‌ని పాతసామాన్లవాడికి వేసేయకండి. తాళం ఆన్‌లో పెట్టి, థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌కి తగిలించి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కించండి. ముల్లు నున్నగా లేవాలి. మధ్యలో టక్కున పడిందంటే లోపల ట్రాక్ అరిగింది. మామూలు డిజిటల్‌లో అంకెలు సెకనుకి రెండు మూడుసార్లే మారతాయి, ఆ కుదుపు దొరకదు. దీనికి మాత్రం వోల్టుకు 20,000 ఓమ్‌ల ముల్లు మీటరే వాడండి.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. గోపాల్‌పూర్ నుంచి ఓ కారు వచ్చింది, ఎడమ హెడ్‌లైట్ గుడ్డిగా వెలుగుతోంది. బల్బు ఊడదీసి సాకెట్‌లో డిజిటల్ పెడితే 12.5 వోల్టులు. వైరింగ్ బాగుందనుకుని కొత్త బల్బు వేశాను. అదే గుడ్డి వెలుగు. అప్పుడు లైటు వేసే ఉంచి, ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది బల్బు ఎర్త్ పిన్నుకి ఆనించాను. 2.8 వోల్టులు! అక్కడ 0.2 దాటకూడదు. ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద పచ్చటి చిలుము, సముద్రపు గాలి పని. గీకి బిగిస్తే 0.1కి దిగింది.

డిజిటల్ మీటర్ తీసుకునే కరెంటు లేనట్టే లెక్క. అందుకే చిలుము గుండా కూడా నిండు వోల్టేజీ చూపిస్తుంది. లైటు వెలుగుతుండగా, సెల్ఫ్ తిరుగుతుండగా కొలవండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ సుమారు 9.6 వోల్టుల కంటే కిందికి దిగకూడదు.

ఇంకొకటి, ఎయిర్‌బ్యాగ్ పసుపు వైర్లకి ఏ మీటర్ ఓమ్ రేంజ్‌లోనూ మొన తగిలించొద్దు.

బయట బండి నిలబెట్టాను, రండి. ఎర్త్ దగ్గర పోయే వోల్టేజీని, అదే ఎర్త్ డ్రాప్‌ని, ఒక్కొక్కరి చేతా కొలిపిస్తాను.