మద్రాసులో పాత చీరల వెంట

శ్రోతలకు నమస్కారం.

మా ఇంట్లో ఒక స్టీలు బేసిన్ ఉంది. ఇడ్లీపిండి ఇప్పటికీ అందులోనే కలుపుతాం. దాని ఖరీదు మా నాయనమ్మ పట్టుచీర. వీధిలోకి సామాన్లవాడు వస్తే మా అమ్మ ఆ చీరా, నాన్న పాత పాంట్లు రెండూ ఇచ్చి బేసిన్ తీసుకుంది. బేరం గిట్టిందని ఆ రోజంతా ఒకటే సంతోషం. ఆ చీర అంచులో ఉన్నది అసలు వెండి జరీ అని నాకు తెలిసేసరికి పాతికేళ్ళు పట్టింది. తెలిసింది కూడా మద్రాసు షావుకారుపేటలో.

మాది చీరాల. ఏడాదికి రెండుమూడుసార్లు మద్రాసు వెళ్తాను, ఒక్కదాన్నే. తోడు ఎవరన్నా వస్తే టి.నగర్ దాటి కాలు కదపనివ్వరు. పాతబట్టల కొట్టు అనగానే మొహం చిట్లించి, "ఎవరు కట్టి విడిచినవో ఏమో!" అంటారు. నిజమే, మన భాషలో విడిచిన బట్ట అంటే చాకిరేవుకి పోవాల్సిన బట్టే. కానీ అమ్మమ్మ చీర చించి మనవరాలికి పరికిణీ కుట్టిస్తే మాత్రం చుట్టాలందర్నీ పిలిచి చూపిస్తాం. అసలు కట్టినావిడ ఎవరో తెలియకపోవడమే మన పేచీ అనుకుంటాను.

మద్రాసు ఊరు పుట్టిందే గుడ్డ కోసం. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే వచ్చి దామెర్ల వెంకటప్ప నుంచి ఈ ఇసుకనేల తీసుకోవడానికి ఒక పెద్ద కారణం, ఇక్కడ బట్ట మిగతా చోట్లకన్నా ఐదో వంతు చవగ్గా దొరుకుతుందని. ఆ గుడ్డని చలవ చేసినవాళ్ళ పేట వాషర్‌మన్‌పేట. మగ్గాలవాళ్ళని తెచ్చి కూర్చోబెట్టిన పేట చింతాద్రిపేట. తమిళంలో "తరి" అంటే మగ్గం, చిన్న తరి పేట అన్నమాట. పాత వస్తువులకి పెట్టింది పేరైన మూర్ మార్కెట్ సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండేది. 1985లో కాలిపోయింది. ఇప్పుడక్కడ లోకల్ రైళ్ళ స్టేషనుంది.

సరే, షావుకారుపేట. మింట్ స్ట్రీట్‌లో నడకే దిక్కు, ఆటో ఎక్కితే ఇరుక్కుపోతాం. అక్కడో సందులో పాత పట్టుచీరలు కొనే కొట్టు. నా యాస వినగానే ముసలి శెట్టిగారు తెలుగులోకి దిగారు. "కూర్చోమ్మా. అమ్మడానికొచ్చావా, చూడటానికొచ్చావా?" చూడటానికే అన్నాను.

ఆయన ఒక అరక్కు రంగు చీర, అంటే లక్కలాంటి ముదురెరుపు చీర, అంచు పట్టుకుని బ్లేడు అంచుతో జరీని మెల్లగా గీరారు. లోపల ఎర్రటి పోగు తేలింది.

"ఎర్ర పట్టుదారం, దానికి వెండి తీగ చుట్టి, పైన బంగారం పూత. గీరితే తెల్లగా వచ్చిందనుకో, అది నకిలీ, పక్కన పెట్టేస్తాం."

"తర్వాత ఈ చీర ఎవరు కొంటారు శెట్టిగారూ?"

"చీర ఎవరిక్కావాలమ్మా? కాల్చేస్తారు. బూడిదలోంచి వెండి తీస్తారు."

అరక్కు చీర నా ఒళ్ళోనే ఉంది. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. రెంటినీ నేతలోనే కలిపారు. కంచిలో కోర్వై అంటారు, మన గద్వాలలో కుప్పడం. దాన్ని ఒక మనిషి అంచు వైపు పోగు మోసే నాడె వేస్తుంటే ఇంకో మనిషి అందుకుంటూ నేసుంటారు. వెండి లెక్క మీద వెల చెప్పారు, ఇచ్చి తెచ్చుకున్నాను. గొప్పకి చెప్పడం లేదు, వెలుతురుకి పట్టి చూస్తే మడతల దగ్గర చీలికలు. పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే అక్కడే తెగుతుంది. జరీ నల్లబడితే భయం లేదు, వెండి కాబట్టే నల్లబడింది. మడత తెగితే మాత్రం చేసేదేం లేదు. ట్యూబులైటు కింద ఇవేవీ కనపడవు, వాకిట్లోకి తెచ్చి చూడాలి.

ఇంత చెబుతున్నాను కదా, మోసపోలేదనుకోకండి. ఊరికి అవతలి వైపు, ఏసీ ఉన్న ఒక వింటేజ్ షాపులో చేనేత తేలియా రుమాలు అని చూపించారు. ఎరుపు, నలుపు, తెలుపు, భలే ఉంది. వేలల్లో పోసి కొన్నాను. రాత్రి గదిలో తిరగేస్తే వెనకవైపు వెలవెలబోతోంది. అచ్చు వేసిన గుడ్డ! పోగుకి ముందే రంగులద్ది నేసినదైతే రెండువైపులా ఒకేలా ఉంటుంది. పైగా తేలియా నూలుని నూనెలో నానబెడతారు, ఆ వాసన ఓ పట్టాన పోదు. దీనికి అగరొత్తి వాసన. తేలియా రుమాళ్ళకి పేరుపడ్డ చీరాలలో పుట్టి, మద్రాసులో నకిలీ రుమాలు కొన్న ఘనత నాది. మా ఇంట్లో ఈ సంగతి ఈ ప్రసంగం దాకా ఎవరికీ తెలియదు.

శెట్టిగారి కొట్లో ఒక మూల జాకెట్ల గుట్ట ఉంది. చీరల మూటల్లో పొరపాటున వచ్చినవి. వెండి లేదు కాబట్టి వాటికి విలువ లేదు. అందులోంచి బుట్టచేతుల ఆకుపచ్చ జాకెట్టు ఒకటి తీశాను. "యాభై ఇవ్వమ్మా" అన్నారు, ఇవ్వకపోయినా పర్లేదన్నట్టు. కలరా ఉండల వాసన. లోపలికి తిప్పి చూశాను. చంక కింద కుట్టు పక్కన రెండు పాత కుట్ల జాడలు, సూది చిల్లులు వరసగా. ఒక్కో కుట్టు వదులు చేసినప్పుడల్లా లోపల దాగున్న గుడ్డ బయటపడింది. అందుకే ఒళ్ళంతా వెలిసిపోయినా పక్కన ఒక పట్టీ కాస్త ముదురు, దాని పక్కది ఇంకాస్త ముదురు. ఆవిడెవరో గానీ రెండుసార్లు ఒళ్ళు చేసింది, రెండుసార్లూ కొత్తది కుట్టించుకోలేదు.

నాకది రెండు వేళ్ళు బిగుతు. లోపల ఇంకా అంగుళం గుడ్డ మిగిలుంది. మొన్న శనివారం ఆ కుట్టు ఊడదీసి ఇంకోటి వేసుకున్నాను. మూడో పట్టీ అసలైన చిలకపచ్చ. రేడియోలో మీకు కనపడదు గానీ, ఇప్పుడు నేను తొడుక్కున్నది ఆ జాకెట్టే.