నేను నడిపితే ఆగని బండి

అధ్యక్షులకు, పిలిచిన మిత్రులకు, బండి బయట బానెట్ ఎత్తి పెట్టి లోపలికొచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం. దండలు వద్దని ముందే చెప్పాను, అయినా వేశారు, సరే. పాత కార్లలో వచ్చిపోయే కరెంటు జబ్బుల గురించి మాట్లాడమన్నారు. బ్యాటరీ, ఎర్త్, రిలేలు, సెన్సర్లు అని నాలుగు భాగాలు రాసుకొచ్చాను. ఎంతదాకా వెళ్తామో చూద్దాం.

పూర్తిగా చచ్చిపడిన బండితో నాకు భయం లేదు. ఎక్కడ కరెంటు ఆగిందో వెతుక్కుంటూ పోతే ఓ గంటకో పూటకో దొరుకుతుంది. ఏడిపించేది రోడ్డు మీద ఆగిపోయి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిగా స్టార్ట్ అయ్యే బండి. అప్పుడు మెకానిక్ మన మొహం చూస్తాడు చూడండి, ఆ చూపు మీలో ఎంతమందికి తెలుసు? చేతులు ఎత్తండి. ఆ, అదీ.

బ్యాటరీ సంగతి గబగబా చెప్పేస్తాను. ఇంజన్ ఆపి కొన్ని గంటలు వదిలేశాక మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య. అది సరిగ్గా ఉండి, సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా మరీ పడిపోకపోతే బ్యాటరీని వదిలేయండి. మనవాళ్లు వదలరు. ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత ఆల్టర్నేటర్, తర్వాత సెల్ఫ్ మోటార్, ఆఖరికి యజమానిని.

ఎర్త్ దగ్గర కాస్త ఆగాలి. ప్లస్ నుంచి వెళ్లిన కరెంటు బాడీ మీదుగా మైనస్‌కి తిరిగి రావాలి కదా. మైనస్ నుంచి వచ్చే ఎర్త్ పట్టీని బిగించిన బోల్టు కింద చిలుము పట్టిందనుకోండి, కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. అందుకే కొన్ని బండ్లలో బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతుంది, చూసినవాళ్లు బండికి దెయ్యం పట్టిందంటారు. మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన ఇనుము దగ్గర పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ పట్టీ బాగా లేదన్నట్టే. కరెంటు పారుతుండగా కొలవాలి, ఆపి కొలిస్తే ఏమీ తెలీదు. ఈ మాట మళ్లీ చెప్తాను, విసుక్కోకండి, ఎందుకంటే ఇది తెలీక మా నాన్నగారికి అన్యాయం చేశాను.

ఇక్కడ రిలేలకు వెళ్లాలి. వెళ్లను, ముందు ఇది చెప్పాలి.

నాన్నగారి కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. ఆయన నడిపితేనే. నేను నడిపితే ఎంత దూరమైనా హాయిగా పోయేది. మెకానిక్ రెండు రోజులు తనే తిప్పి, "బండికేం లేదు సార్, పెద్దాయన క్లచ్ సరిగ్గా తొక్కట్లేదేమో" అన్నాడు. నేను నమ్మాను. అదే నా తప్పు. నలభై ఏళ్లు డ్రైవింగ్ చేసిన మనిషికి క్లచ్ ఎలా తొక్కాలో నేను నేర్పించాను. ఆయన ఏమీ అనలేదు, కొన్నాళ్లకు తాళం నా టేబుల్ మీద పెట్టేశారు.

తర్వాత ఒకరోజు లోపల శుభ్రం చేద్దామని డ్రైవర్ సీటు పూర్తిగా ముందుకు జరిపి, వెనక వాక్యూమ్ పెట్టి, పని అయ్యాక బద్ధకించి సీటు అలాగే వదిలేసి మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతుండగానే బయల్దేరాను. మొదటి గతుకుకే ఆగింది. నాన్నగారు పొట్టి, నేనూ ఆ మెకానిక్కూ పొడుగు. అర్థమైంది కదా? ఎప్పుడో ఎవరో సీటు విప్పి బిగించినప్పుడు, పెట్రోల్ పంపుకి వెళ్లే వైర్ల కట్టను ప్లాస్టిక్ ట్యాగ్‌తో సీటు ఫ్రేముకి కట్టేశారు. సీటు ముందుకు జరిగిన ప్రతిసారీ వైరు లాగుతోంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి పోగులన్నీ తెగి రెండో మూడో మిగిలాయి.

ఆ వైరుని అంతకుముందే మీటర్‌తో చూశాం, బీప్ అంది, బాగుందనుకున్నాం. ఎందుకనదు? ఆ పరీక్షలో మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లలో కరెంటు, దానికి ఒక్క పోగు చాలు. పంపుకి కావలసింది ఆంపియర్లు. అందుకే నా సంచిలో ఎప్పుడూ హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఉంటుంది. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అనుమానం ఉన్న వైరు చివర దాన్ని వెలిగించి, వైర్ల కట్టను ఒక చివర నుంచి మెల్లగా కదుపుతూ, వంచుతూ రండి. ఎక్కడ మినుకుమంటే అక్కడ కోయండి. తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో, డిక్కీ కీలు దగ్గర ముందు చూడండి, రోజూ వంగేవి అవే. కంప్యూటర్ బాక్సుకి వెళ్లే సన్నటి వైర్ల మీద మాత్రం బల్బు పెట్టొద్దు, పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి అసలే పోవద్దు.

ఇంకోటి, ఒక నోటుపుస్తకం కారులో పడేయండి. బండి ఆగినప్పుడల్లా ఇంజన్ వేడిగా ఉందా, వానా, గతుకా, మలుపా, ఏ స్విచ్ వేసి ఉంది, ఎవరు నడుపుతున్నారు, అన్నీ రాయండి. ఎవరు నడుపుతున్నారన్నది తప్పకుండా రాయండి.

అధ్యక్షులు వాచీ చూస్తున్నారు. రిలేల గురించి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌ల గురించి, ఒక్క ముక్క: పాత రిలేలో టంకం పగులుతుంది, వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. ఎండలో ఆగి అరగంటకు మళ్లీ స్టార్ట్ అయితే రిలే మూత తీసి భూతద్దంతో దాని కాళ్ల చుట్టూ చూడండి, సన్నటి ఉంగరంలా పగులు కనిపిస్తుంది. ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సరు కూడా వేడికి ఇలాగే చేస్తుంది, కాబట్టి ఆగిన వెంటనే స్పార్క్ ఉందో లేదో, పంపు మోగుతుందో లేదో చూసుకోండి, చల్లారాక చూసి లాభం లేదు. సెన్సర్లకు ఇక టైం లేదు.

నాన్నగారు ఇప్పుడు నడుపుతున్నారా అని ముందు వరుసలో అమ్మగారు అడుగుతున్నారు. నడపడం లేదండి. వైరు అతికించి తాళం ఇచ్చాను, సీటు ముందుకు జరుపుకుని కాసేపు కూర్చుని, "నాకు అప్పుడే తెలుసురా" అని దిగిపోయారు.

ఈ చీటీ ఎవరిది? "వానలోనే ఆగుతుంది, డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి." అంటే ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డబ్బా ఉన్న పాత బండి. చీకటి పడ్డాక ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వైర్ల మీద నీళ్లు సన్నగా చల్లి చూడాలి, కరెంటు కారేచోట నీలంగా మెరుస్తుంది, చెయ్యి మాత్రం పెట్టకండి. బండి బయటే ఉందా? అయితే మీటింగ్ అయ్యాక తాళం పట్టుకుని రండి, చీకటి ఎలాగూ పడుతోంది, స్ప్రే సీసా నా దగ్గర ఉంది.