గేటు దగ్గరి మాట యజమాని చెవిన పడేదెప్పుడు?

చర్చా కార్యక్రమం, కర్నూలు స్టూడియో
పాల్గొన్నవారు: మేనేజ్‌మెంట్ అధ్యాపకురాలు (అనంతపురం), జిన్నింగ్ మిల్లుల సాంకేతిక సలహాదారు (ఆదోని), చార్టర్డ్ అకౌంటెంట్ (కడప)

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకే యార్డులో పత్తి కొనే మిల్లులు రెండున్నాయనుకుందాం. రెండింటికీ వానా ఒకటే, సుంకమూ ఒకటే. సీజన్ చివర ఒకటి మిగులుతో పద్దు మూస్తుంది, రెండోది ఓవర్‌డ్రాఫ్టు పరిమితి దాటి బ్యాంకు మేనేజరు ముందు కూర్చుంటుంది. ఎందుకని? మేడం, బయటి వాతావరణం నుంచి మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: రాజకీయం, ఆర్థికం, సమాజం, సాంకేతికత, ప్రకృతి, చట్టం అని ఒక పట్టిక ఉంది. బీబీఏ పిల్లలకు అది కంఠతా వచ్చు. కానీ దాన్ని గోడకు తగిలిస్తే ఒరిగేదేమీ లేదు. వీటిలో నా సరుకును ముందు తాకేది ఏది అని అడగాలి. మంగంపేట ముగ్గురాయి చూడండి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు రావడానికి ఆ పొడి కలుపుతారు. అందుకే అక్కడ రాయిని పొడి చేసే పల్వరైజింగ్ మిల్లుకు స్థానిక వానలకన్నా ముడిచమురు ధర ముఖ్యం. ధర పడితే తవ్వకాలు తగ్గుతాయి, ఆర్డర్లూ తగ్గుతాయి. అనంతపురంలో వేరుశనగ నూనె ఆడించేవాడికి ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను ఢిల్లీ మీద ఉండాలి. ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద సుంకం 2024 సెప్టెంబరులో అన్నీ కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి ఎగబాకింది, 2025 మే నెలాఖరుకు 16.5కు దిగింది. తొమ్మిది నెలలు నిండకముందే రెండు మలుపులు.

వ్యాఖ్యాత: పత్తికి అలాంటి మలుపు ఏది?

సలహాదారు: దిగుమతి సుంకమే. 2021 బడ్జెట్‌లో వేశారు, అన్నీ కలిపి 11 శాతం. 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. సరిగ్గా మన యార్డుకు కొత్త పత్తి దిగే వేళ. రేటు పెరుగుతుందని బేళ్లు గోదాములో పేర్చుకున్నవాడికి ఇది గట్టి దెబ్బే. అయితే సార్, ఇది పేపర్లో పడే వార్త, అందరికీ ఒకే పూట తెలుస్తుంది. రెండు మిల్లుల మధ్య తేడా పేపర్లో పడని వార్తతో వస్తుంది.

వ్యాఖ్యాత: ఏ వార్త?

సలహాదారు: వాన వెలిసిన మర్నాడు గేటు దగ్గరికి వచ్చే ట్రాలీ. కేంద్రం తరఫున పత్తి కొనే భారత పత్తి సంస్థ, అదే సీసీఐ, మద్దతు ధర 8 శాతం తేమకు లెక్క. ఆపైన కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. ప్రైవేటు మిల్లు మాత్రం కొంటుంది. 100 క్వింటాళ్ల పత్తి 14 శాతం తేమతో వచ్చిందనుకోండి. అందులో పొడి సరుకు 86 క్వింటాళ్లు. అది 8 శాతానికి ఆరేసరికి 93 క్వింటాళ్ల 48 కిలోలు తూగుతుంది. ఆరున్నర క్వింటాళ్లు గాలికే. క్వింటాలు 7,500 అనుకుంటే దగ్గర దగ్గర 49 వేలు. కాటా చీటీలో ఈ నష్టం ఎక్కడా కనబడదు.

అకౌంటెంట్: తర్వాత మిషన్ బాధ వేరే.

సలహాదారు: అవును. తడి పత్తి రోలరుకు చుట్టుకుంటుంది, రాపిడికి వేడెక్కుతుంది. జిన్నింగ్‌లో, అంటే గింజ నుంచి దూది వేరుచేసే పనిలో, నిప్పు భయం మొదలయ్యేది అక్కడే. కుప్పగా పోస్తే లోపల గింజ వేడెక్కి దూది పసుపు తిరుగుతుంది. భయపడి మరీ ఎండబెట్టినా తప్పే, 5 శాతం లోపుకు పోతే పోగు తెగుతుంది, ప్రెస్సులో బేలు కుదురుగా పడదు. ఇవన్నీ ప్రతి మిల్లు ఫిట్టరుకూ తెలుసు. మీటరు 14 చూపిస్తుంది, గుమాస్తా చూస్తాడు, సూపర్‌వైజరు చూస్తాడు. రిజిస్టరులో మాత్రం 10 అని పడుతుంది.

వ్యాఖ్యాత: లంచమా?

సలహాదారు: అన్నిసార్లూ కాదు. ట్రాలీ వెనక్కి పంపితే సాయంత్రం 'మిల్లు ఖాళీగా పెట్టి కూర్చున్నావేం' అని తిట్లు ఖాయం. దించుకుంటే అడిగేవాడే లేడు. ఒకవైపు తిట్లు ఇవాళే, ఇంకోవైపు నష్టం ఎప్పటికో, అదీ ఎవరి పేరునా పడదు. ఆ గుమాస్తా జీతగాడు. వాడి లెక్క వాడిది.

అధ్యాపకురాలు: సంస్థ సంస్కృతి అంటే ఇదే, యూనిఫాం కాదు. మూడు పొరలుంటాయి. పైన కనబడేది 'నాణ్యతే మా ప్రాణం' బోర్డు. దాని కింద మీటింగుల్లో చెప్పుకునే మాటలు. అడుగున, ఎవరూ పైకి అనకుండానే అందరూ నమ్మేది: చెడ్డ కబురు మోసుకొచ్చినవాడికే చీవాట్లు. గేటు దగ్గర తీర్పు చెప్పేది ఈ అడుగు పొరే. మరి అది ఎక్కడ పుట్టింది? పాత వాతావరణంలో. సీమలో ఒక తరం కింద వాన నమ్మకం లేదు, బ్యాంకు అందుబాటులో లేదు. బంధువుల్ని పెట్టుకుని, పెట్టె తాళంచెవి మొలలో దోపుకుని, నోటిమాట మీద అప్పు నడిపినవాడే నిలిచాడు. అప్పటికి అది తెలివి. వాతావరణం మారింది, అలవాటు మిగిలింది.

అకౌంటెంట్: నాకు కొంచెం అభ్యంతరం మేడం. అన్నిటికీ సంస్కృతి అనేస్తే ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు. ఆ నోటిమాటకే ఖరీదు చెప్తా. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే సెక్షన్ తెచ్చారు, 2024-25 అసెస్‌మెంటు ఏడాది నుంచి. సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ దగ్గర సరుకు కొంటే రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. తాడిపత్రి పాలిషింగ్ యూనిట్ నుంచి బండలు తెప్పించుకునే కడప బిల్డరుకు ఒప్పందం ఏముంటుంది? 'సంక్రాంతికి ఇస్తాలే అన్నా.' చట్టం లెక్కలో అది 15 రోజులే. మార్చి 31 నాటికి గడువు దాటిన బాకీ 40 లక్షలుంటే ఆ ఏడాది ఖర్చుగా చూపలేడు. సర్‌ఛార్జి పడని భాగస్వామ్య సంస్థ అయితే సెస్సుతో కలిపి 12 లక్షల 48 వేలు పన్ను ముందే కట్టాలి. బాకీ తీర్చిన ఏడాదిలో మినహాయింపు వస్తుందనుకోండి, కానీ ఈలోగా చేతిలో డబ్బు ఆడాలి కదా.

అధ్యాపకురాలు: మరి పాలిషింగ్ యూనిట్ ఓనరుకు ఆలస్యం మీద ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ అడిగే హక్కుంది. అడుగుతాడా?

అకౌంటెంట్: (నవ్వుతూ) అడగడు. అడిగితే మళ్లీ లోడు పోదు.

అధ్యాపకురాలు: చట్టం మారింది, అడగని అలవాటు మారలేదు.

అకౌంటెంట్: అది భయం మేడం, సంస్కృతి కాదు.

అధ్యాపకురాలు: అందరికీ ఒకేలా ఉన్న భయానికి ఇంకో పేరుందా?

వ్యాఖ్యాత: పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చిన్న యూనిట్లు ఆ కంపెనీ పద్ధతులు నేర్చుకుంటాయన్నారు. ఆ ముచ్చట?

అధ్యాపకురాలు: 2019లో అక్కడ ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో ఉత్పత్తి మొదలైంది. కార్ల కంపెనీకి విడిభాగాలు పంపాలంటే గడియారం చూసి బతకాలి. పద్ధతి తెచ్చుకోవడం తేలిక. టయోటాలో లోపం కనబడితే కార్మికుడు తాడు లాగుతాడు, సరిచేయకపోతే లైను ఆగుతుంది. తాడు మనమూ కట్టొచ్చు. లాగిన వెంటనే వినబడే మొదటి మాట 'ఏమైంది?' అయితే తాడు పనిచేస్తుంది. 'ఎవడ్రా లాగింది?' అయితే వారం తిరక్కుండా దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు.

వ్యాఖ్యాత: బాగుంది. మళ్లీ గేటుకు వద్దాం. ఏం మార్చాలి?

సలహాదారు: ముందు, పత్తి కొనేవాడూ తేమ చూసేవాడూ ఒకడే కాకూడదు. ట్రాలీకి కనీసం ఐదు చోట్ల మీటరు పెట్టాలి, అందులో రెండు చోట్లు ట్రాలీ అడుగున ఉండాలి. తడి సరుకు పైన పెట్టుకొచ్చే అమాయకుడు ఉండడు. ఐదు అంకెలూ విడివిడిగా రాయాలి, సగటు ఆఫీసులో కట్టుకోవచ్చు. సగటొక్కటే రాయమంటే చెయ్యి జారుతుంది.

అకౌంటెంట్: ఆ అంకెలే అబద్ధమైతే?

సలహాదారు: వారానికోసారి తూకం పట్టిస్తుంది. 100 క్వింటాళ్లు ఆడిస్తే సుమారు 34 క్వింటాళ్ల దూది, అంటే 170 కిలోల బేళ్లు 20. గింజ 64. పొట్టూ దుమ్మూ ఆవిరీ కలిపి 2 దాకా పోవచ్చు. మీ లెక్కలో ఆ పోయేది 5 వచ్చిందా, రిజిస్టరు అబద్ధం చెబుతోందన్నమాట. మనిషిని నిలదీయకుండానే తెలిసిపోతుంది. ఇంకోటి, హమాలీల మాట వినాలి. మూట ఎత్తగానే తడి తెలిసేది వాళ్లకే. కోసిగి వైపు మనుషులు గుంటూరు మిర్చి కోతలకు పోయాక బయటి రాష్ట్రాల వాళ్లు పనిలో ఉంటే, గేటు దగ్గర హిందీ వచ్చినవాడు ఒకడుండాలి. లేకపోతే ఆ కబురు అక్కడే ఆగుతుంది.

అకౌంటెంట్: ఒక జాగ్రత్త. ట్రాలీలన్నీ వెనక్కి పంపితే మిల్లు ఆగుతుంది, వాడినా వాడకపోయినా పడే కరెంటు డిమాండ్ ఛార్జీ మాత్రం ఆగదు. దలారీ పక్క మిల్లుకు పోతాడు.

సలహాదారు: అందుకే వెనక్కి పంపడం ఆఖరిది. 8 దాటిన ప్రతి శాతానికీ ఒక శాతం తరుగు అని గేటు దగ్గర తెలుగులో, కన్నడంలో రాసి పెట్టండి, బళ్లారి వైపు నుంచీ సరుకొస్తుంది కదా. 12 దాటితే ప్లాట్‌ఫారం మీద పలచగా ఆరబోసి, మళ్లీ చూసి, అప్పుడు కాటా. మొదటివారం దలారీ అలుగుతాడు.

వ్యాఖ్యాత: యజమాని ఆ వారం నిలబడతాడా?

సలహాదారు: అక్కడే తేలిపోతుంది. మొదట ఆపిన ట్రాలీ యజమాని బామ్మర్దిదైతే ఇంకా మంచిది. సాయంత్రానికి యార్డంతా తెలుస్తుంది.