నిరుద్యోగ బీమా నిరాకరించారా? అప్పీలు మీ హక్కు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఉద్యోగం పోయిన తర్వాత నిరుద్యోగ బీమాకు దరఖాస్తు చేసుకొని, మీరు అర్హులు కారంటూ రాష్ట్ర ప్రభుత్వ శాఖ పంపిన లేఖ అందుకున్నవారిని ఉద్దేశించి ఈ ప్రసంగం చేస్తున్నాను. సర్కారు కాదన్నాక ఇక చేసేదేముందని ఆ లేఖను మడిచి సొరుగులో పెట్టేసేవారు ఉన్నారు. ఉద్యోగం పోయిందన్న దిగులుకు తోడు, తప్పు మనదేనేమో అన్న సంకోచం కూడా నోరు కట్టేస్తుంది. దయచేసి అలా చేయవద్దు. ఆ లేఖ అంతిమ తీర్పు కాదు. శాఖలోని ఒక అధికారి మీ దరఖాస్తునూ, మీ పాత యజమాని పూరించి పంపిన పత్రాన్నీ పక్కపక్కన పెట్టుకొని, అవసరమనుకుంటే ఇద్దరికీ ఒక్కో ఫోను చేసి తీసుకున్న తొలి నిర్ణయం మాత్రమే అది. ఇరుపక్షాలనూ ఎదురెదురుగా ఉంచి, ప్రమాణం చేయించి, ప్రశ్నలడిగి నిజం తేల్చే విచారణ ఇంకా జరగలేదు. అది జరగాలంటే మీరు అప్పీలు చేయాలి.

ఆ విచారణ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 1932లో విస్కాన్సిన్ రాష్ట్రం దేశంలోనే తొలి నిరుద్యోగ బీమా చట్టం చేసింది. 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం ఈ ఏర్పాటును దేశమంతటికీ విస్తరిస్తూ, క్లెయిము తిరస్కరణకు గురైన ప్రతి ఒక్కరికీ నిష్పాక్షికమైన అధికారి ముందు న్యాయమైన విచారణకు అవకాశం ఇవ్వాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. ఆ షరతును పాటించే రాష్ట్రాలకే ఈ పథకం నిర్వహణకు కేంద్ర ప్రభుత్వ నిధులు అందుతాయి. ఇక భృతిగా చెల్లించే సొమ్ము యజమానులు కట్టే పన్ను నుంచి వస్తుంది. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలలోనైతే ఉద్యోగి జీతం నుంచి కూడా కొంత మినహాయిస్తారు. కాబట్టి చేయి చాచి అడుగుతున్నామన్న బిడియం ఎవరికీ అక్కరలేదు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది గడువు. లేఖ మొదటి పేజీలో దాన్ని తపాలాలో వేసిన తేదీ ఉంటుంది, అప్పీలుకు చివరి తేదీ ఎక్కడో ఒకచోట ముద్రించి ఉంటుంది. చాలా రాష్ట్రాలలో గడువును లెక్కించేది ఆ తపాలా తేదీ నుంచే తప్ప, మీరు కవరు విప్పిన రోజు నుంచి కాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయిస్ రాష్ట్రాలు 30 రోజులు ఇస్తుండగా, టెక్సాస్‌లో 14 రోజులే ఉన్నాయి, అందులోనూ సెలవు దినాలు కలిసే లెక్క. ఆన్‌లైన్ ఖాతాలోకి వచ్చిన లేఖను చూసుకోలేదంటే సాధారణంగా వినరు. ఆసుపత్రిలో ఉండటం, లేఖ తప్పుడు చిరునామాకు పోవడం వంటి బలమైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలు చాలాచోట్ల ఉంది గాని, ఆ కారణాన్ని కూడా మీరే రుజువు చేసుకోవాలి. అప్పీలు పత్రంలో వాదనంతా రాయనక్కరలేదు. ఫలానా తేదీన వచ్చిన ఫలానా నిర్ణయంతో నేను ఏకీభవించడం లేదు, విచారణ కోరుతున్నాను అని రాసి సంతకం చేసి పంపితే చాలు. మంచి వాక్యాల కోసం తడుముకుంటూ గడువు పోగొట్టుకోకండి. పంపినట్టు రుజువు మాత్రం దాచుకోండి.

ఆ తర్వాత, లేఖలో రాసిన తిరస్కరణ కారణాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. విచారణంతా ఆ కారణం చుట్టూనే తిరుగుతుంది. మీరు ఎంత కష్టపడి పనిచేశారో, ఇంట్లో ఎంత ఇబ్బందిగా ఉందో చెబితే న్యాయాధికారి సానుభూతితో వినవచ్చు గాని, వాటి మీద తీర్పు చెప్పలేరు.

ఎక్కువ అపోహలకు తావిచ్చేది దుష్ప్రవర్తన వల్ల తొలగించామన్న కారణం. ఉద్యోగం తీసేశారు గనుక తప్పు చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. ఒక టాక్సీ కంపెనీకీ దాని డ్రైవరుకూ మధ్య నడిచిన కేసులో 1941లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఇచ్చిన నిర్వచనాన్ని తర్వాత అనేక రాష్ట్రాలు స్వీకరించాయి. యజమాని ప్రయోజనాలను బుద్ధిపూర్వకంగా, లెక్కలేనితనంతో కాలదన్నడమే దుష్ప్రవర్తన అని దాని సారాంశం. చేతకాక పని సరిగా చేయలేకపోవడం, అప్పుడప్పుడు జరిగే మామూలు అజాగ్రత్త, మంచి ఉద్దేశంతోనే చేసిన పొరపాటు నిర్ణయం ఆ కోవలోకి రావని కూడా ఆ కోర్టు స్పష్టంగా చెప్పింది. కొన్ని రాష్ట్రాలు తర్వాతి కాలంలో తమ చట్టాలను కఠినం చేసుకున్నా, తొలగించడానికి చాలినంత కారణం వేరు, బీమా నిరాకరించడానికి చాలినంత కారణం వేరు అన్న మూలసూత్రం మాత్రం నిలిచే ఉంది. నన్నడిగితే, ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే జనం ఎక్కువగా నష్టపోతున్నారు.

పైగా తొలగించిన సందర్భంలో రుజువు భారం యజమానిది. ఒక గిడ్డంగిలో పనిచేసే మనిషిని పదేపదే ఆలస్యంగా వస్తున్నాడని తీసేశారనుకుందాం. న్యాయాధికారి మొదట అడిగేది, చివరిసారి ఏం జరిగిందనే. ఆ రోజు ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి వచ్చాడు, ఎందుకు ఆలస్యమైంది, ముందుగా ఎవరికైనా ఫోను చేసి చెప్పాడా, అంతకుముందు రాతపూర్వకంగా హెచ్చరించారా అని ఒక్కొక్కటిగా అడుగుతారు. బిడ్డకు జ్వరం వచ్చి, సూపర్‌వైజరుకు ఉదయమే మెసేజ్ పెట్టి, గంట ఆలస్యంగా వెళ్లినవాడిది దుష్ప్రవర్తన అని తేల్చడం కష్టం. ఆ మెసేజ్ ఫోనులో ఉందంటే సరిపోదు. తేదీ, సమయం, అవతలివారి పేరు కనబడేలా దాన్ని అచ్చు తీసి, విచారణ నోటీసులో చెప్పిన పద్ధతిలో, అడిగినచోట అవతలి పక్షానికి కూడా ప్రతి అందేలా, ముందుగానే పంపాలి. యజమాని తరఫున, సంఘటన జరిగినప్పుడు అక్కడ లేని మానవ వనరుల విభాగం ఉద్యోగి వచ్చి, సూపర్‌వైజరు నాతో ఇలా అన్నారు అని చెబితే, అది ఒకరు చెప్పగా విన్న మాట మాత్రమేనని మీరు మర్యాదగా గుర్తు చేయవచ్చు. కళ్లారా చూసినవాడు ప్రమాణం చేసి చెప్పిన మాటకు ఉన్న బరువు దానికి సాధారణంగా ఉండదు.

తమంతట తాము రాజీనామా చేసినవారి పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ రుజువు భారం మీ మీద పడుతుంది. తగిన కారణం ఉందనీ, మానేసే ముందు సమస్యను యజమాని దృష్టికి తెచ్చి సరిదిద్దే అవకాశం ఇచ్చారనీ చూపించాలి. జీతం బకాయి పెట్టడం, వేధింపులు, ఆరోగ్యానికి ముప్పు ఉన్న పని, జీతంలో భారీ కోత వంటివి పరిశీలనకు నిలిచే కారణాలు. రాజీనామా చేస్తావా, తీసేయమంటావా అని అడిగితే చేసిన రాజీనామాను చాలాచోట్ల తొలగింపుగానే చూస్తారు, కాబట్టి ఆ సంభాషణను ఉన్నదున్నట్టు చెప్పండి.

మనవారిలో వీసా సంగతి కూడా వస్తుంది. హెచ్-1బి మీద ఉన్నవారు ఒక యజమానికి మాత్రమే కట్టుబడి ఉన్నందున, వేరే పనికి అందుబాటులో లేరన్న కారణంతో సాధారణంగా తిరస్కరిస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవారు, ఎవరి దగ్గరైనా పనిచేయడానికి అనుమతి కార్డు ఉన్నవారు ఆ కారణంతో తిరస్కరణకు గురైతే మాత్రం, కార్డు ప్రతిని జతచేసి తప్పక అప్పీలు చేయాలి.

విచారణ ఎక్కువగా ఫోనులోనే జరుగుతుంది. కొన్నిచోట్ల వారే చేస్తారు, కొన్నిచోట్ల మీరే చేయాలి లేదా మీ నంబరు ముందుగా నమోదు చేయాలి. నోటీసు చదివితే తెలుస్తుంది. తెలియని నంబర్లను ఆపేసే సదుపాయం ఫోనులో ఉంటే ఆ రోజు తీసేయండి, ఎందుకంటే అప్పీలు చేసినవారు హాజరు కాకపోతే కేసు కొట్టివేయవచ్చు. ఇంగ్లీషులో తడబడతామన్న భయం ఉంటే తెలుగు దుభాషిని ముందుగానే అడగండి, అందుకు రుసుము ఉండదు. బంధువుల చేత అనువాదం చేయించుకోవడం కన్నా అదే మేలు. వకీలు లేకుండానే విచారణకు వెళ్లవచ్చు. ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయ సంస్థలు చాలాచోట్ల ఉన్నాయి, నోటీసు రాగానే వారిని సంప్రదించండి.

ఇంకొక మాట నొక్కి చెప్పాలి. అప్పీలు నడుస్తున్నంత కాలం, డబ్బు రాకపోయినా, ప్రతి వారమో రెండు వారాలకో ఇంకా ఉద్యోగం దొరకలేదనీ, పనికి సిద్ధంగా ఉన్నాననీ చెబుతూ మీ రాష్ట్రం అడిగిన ధ్రువీకరణ పంపుతూనే ఉండండి, ఉద్యోగ ప్రయత్నాల వివరాలు రాసుకోండి. గెలిచినా, ధ్రువీకరించని వారాలకు డబ్బు రాకపోవచ్చు. తొలి అప్పీళ్లలో కనీసం 60 శాతం 30 రోజుల్లో, 80 శాతం 45 రోజుల్లో తేల్చాలన్నది రాష్ట్రాలకు కేంద్రం పెట్టిన ప్రమాణం గాని, రద్దీ ఉన్నప్పుడు అంతకన్నా ఆలస్యం కావచ్చు.

ముందు మీకు మంజూరై, యజమాని అప్పీలు చేసిన సందర్భాలు కూడా ఉంటాయి. అలాంటప్పుడు కేవలం యజమాని అప్పీలు చేశాడన్న కారణంతో చెల్లింపు ఆపరాదని 1971లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన, జావా అనే క్లెయిముదారు కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ విచారణకు మీరు వెళ్లి తీరాలి, ఎందుకంటే యజమాని గెలిస్తే ఇచ్చినది తిరిగి కట్టమంటారు.

మోసం చేశారన్న ఆరోపణతో లేఖ వస్తే భయపడి ఊరుకోకండి. మిషిగన్‌లో 2013 నుంచి 2015 వరకు కంప్యూటర్ వ్యవస్థ సుమారు 40 వేల మందిపై తప్పుగా మోసం ముద్ర వేసింది. వారిలో ఎందరో జరిమానాలు కట్టారు, కొందరు ఇళ్లు కూడా పోగొట్టుకున్నారు. 2022లో ఆ రాష్ట్రం రెండు కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. యంత్రం వేసిన ముద్రను చెరిపే దారి కూడా ఇదే అప్పీలు.

తొలి విచారణలో ఓడిపోతే పైన సమీక్ష బోర్డు, ఆ పైన కోర్టు ఉంటాయి, ప్రతి మెట్టుకూ మళ్లీ ఒక గడువు ఉంటుంది. అయితే బోర్డు సాధారణంగా కొత్త సాక్ష్యం తీసుకోదు. తొలి విచారణలో రికార్డయిన మాటలనూ, అక్కడ దాఖలైన కాగితాలనూ మాత్రమే చూస్తుంది. కాబట్టి ఆ రోజు ఫోను పెట్టేసే ముందు, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని న్యాయాధికారి అడిగినప్పుడు, చెప్పవలసిన విషయాలు రాసుకున్న కాగితాన్ని మరోసారి చూసుకొని, మిగిలినదేదైనా ఉంటే అప్పుడే చెప్పండి.