బంతిలో గాలి, కాగితం మీద అంకె

సభకు నమస్కారం. రాయగడ, గుణుపురం, కొరాపుట్ ప్రాంతాల నుంచి వచ్చిన వ్యాయామోపాధ్యాయులకూ, మన పల్లెల పోటీల్లో ఈల పట్టుకునే యువకులకూ ఈ రోజు అమెరికాలో నడిచిన ఒక తగవు గురించి చెప్పదలిచాను. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. అక్కడి బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేత్తోనే విసురుతారు. తగవు మాత్రం మనకూ పనికొస్తుంది.

2015 జనవరి 18న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్, ఇండియానాపొలిస్ కోల్ట్స్ తలపడిన పోటీలో పేట్రియట్స్ తమ బంతుల్లో గాలి కావాలనే తగ్గించారన్న ఆరోపణ వచ్చింది. అక్కడ ఏ జట్టు బంతులు ఆ జట్టే తెచ్చుకుంటుంది, గాలి తగ్గితే బంతి మీద పట్టు చిక్కుతుంది. నిబంధన ప్రకారం ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) దాకా ఉండాలి. విరామంలో కొలిచిన వారి 11 బంతులూ అంతకంటే తక్కువే చూపించాయి. బంతి విసిరే వారి ప్రధాన ఆటగాడు టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. దాన్ని ఒక కోర్టు కొట్టివేయగా 2016లో పై కోర్టు పునరుద్ధరించింది. అతను దోషా కాదా అన్న వాదన నేటికీ తెగలేదు. నేను అడిగేది అంతకుముందు అడగవలసిన ప్రశ్న: అసలు తనిఖీ సరిగా జరిగిందా? జరగలేదనే నా అభిప్రాయం.

ఆటకు ముందు రెఫరీ బంతులన్నీ కొలిచాడు, తక్కువగా ఉన్న రెండింటికి గాలి కొట్టించాడు, కానీ ఒక్క అంకె కూడా కాగితం మీద పెట్టలేదు. ఆయన దగ్గర ఒత్తిడి కొలిచే గేజిలు రెండున్నాయి. ఒకదానికి వెనక లోగో, వంకర తిరిగిన పొడవాటి సూది. ఒకే బంతికి ఆ రెండూ 0.3 నుంచి 0.45 పీఎస్‌ఐ దాకా తేడా చూపించాయి. అనుమతించిన పరిధే మొత్తం ఒక్క పీఎస్‌ఐ అయినప్పుడు అది చిన్న తేడా కాదు. పైగా ఆటకు ముందు ఏ గేజి వాడాడన్న విషయంలో ఆయన జ్ఞాపకం ఒకటి చెబితే, విచారణ నివేదిక మరొకటి తేల్చింది. కోల్ట్స్ బంతులు నాలుగు కొలిచేసరికి విరామ సమయం చాలలేదు. ఆ నాలుగూ ఒక గేజి మీద నిబంధనకు లోబడి ఉండగా, రెండో గేజి మీద మూడు తక్కువ చూపించాయి.

చలి సంగతీ ఉంది. సుమారు 22 డిగ్రీల గదిలో 12.5 ఉన్న బంతి 9 డిగ్రీల చలిలోకి వెళ్తే ఎవరూ ముట్టుకోకుండానే 11.3 దాకా దిగుతుంది. ఇది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమే. తగ్గుదలకంతటికీ చలి ఒక్కటే కారణం కాదని నివేదిక వాదించింది. బంతుల సంచులతో జట్టు ఉద్యోగి ఒకరు మరుగుదొడ్డిలోకి వెళ్లి ఒక నిమిషం నలభై సెకన్లు ఉన్నాడు కాబట్టి అనుమానానికి ఆధారం లేకపోలేదు. అయితే కొలిచిన బంతులు అధికారుల కళ్ళు గప్పి ఎలా వెళ్లాయి? అదీ తనిఖీ లోపమే. మొదటి అంకె జ్ఞాపకం మీద నిలబడినప్పుడు ఎంత గొప్ప నిపుణుడైనా దేనిలోంచి దేన్ని తీసివేస్తాడు?

ఆ తర్వాతి సీజన్ నుంచి అక్కడ బంతులకు నంబర్లు వేసి ఒత్తిడి నమోదు చేయడం మొదలుపెట్టారు. మన ఆటలో పరిధి విశాలం, సముద్రమట్టం దగ్గర 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు (ఒక అట్మాస్ఫియర్ అంటే సుమారు 14.7 పీఎస్‌ఐ), అందుకే గొడవలు తక్కువ, అశ్రద్ధ ఎక్కువ. రాయగడ మధ్యాహ్నపు ఎండలో గాలి కొట్టిన బంతి కొరాపుట్ చలికాలపు ఉదయానికి అలాగే ఉండదు. కాబట్టి మన మ్యాచ్ షీటులో ఒక గడి చేర్చాలని కోరుతున్నాను: ఏ గేజి, ఎంత చూపించింది, ఎన్ని గంటలకు, కింద ఇద్దరు కెప్టెన్ల సంతకాలు. విరామంలో మళ్లీ కొలవవలసి వస్తే అదే గేజితో కొలవాలి.